ఆ ఎర్రరులో ఆఖరి వాక్యం

మీరు ఎస్‌క్యూఎల్ సర్వర్ మీద కనీసం ఒక్క ఏడాది పనిచేసినా 1205 అనే అంకె మీకు పరిచయమే అయ్యుంటుంది. మామూలు పరిచయం కాదు, అర్ధరాత్రి తలుపు తట్టే చుట్టంతో ఉండే పరిచయం. "మీ ట్రాన్సాక్షన్ ఇంకో ప్రాసెస్‌తో డెడ్‌లాక్‌లో ఇరుక్కుంది, దాన్ని డెడ్‌లాక్ విక్టిమ్‌గా ఎంచుకున్నాం" అని పొడుగాటి వాక్యం ఒకటి వస్తుంది. దాని తర్వాత ఇంకో చిన్న వాక్యం ఉంటుంది. రీరన్ ద ట్రాన్సాక్షన్. అంటే మళ్ళీ నడుపుకోండి అని.

ఉద్యోగంలో చేరిన మొదటి మూడేళ్ళలో ఆ మెసేజ్ నేను ఎన్ని వందలసార్లు చూశానో లెక్కలేదు. ఆ ఆఖరి వాక్యం మాత్రం ఒక్కసారి కూడా చదవలేదు. విక్టిమ్ అన్న మాట దగ్గరే కళ్ళు ఆగిపోయేవి. బలిపశువు అంటే ఎవరికి మాత్రం భయం వెయ్యదు చెప్పండి!

నేను అప్పుడు పనిచేసిన కంపెనీ పేరు చెప్పను, క్లయింటు పేరూ చెప్పను. గోడౌన్లలో సరుకు లెక్కలు చూసే సాఫ్టువేరు అది. పగలంతా లారీలు వస్తుంటాయి, పోతుంటాయి. రాత్రి 12 గంటలకి ఆ రోజు ముగింపు నిల్వ లెక్కగట్టే జాబ్ ఒకటి నడుస్తుంది. ఆ జాబ్‌కీ, రాత్రి షిఫ్టులో సరుకు ఎంట్రీ చేసేవాళ్ళకీ రోజూ పేచీయే. వారానికి పది పన్నెండు డెడ్‌లాకులు. మేనేజరు గారు ఎలాగైనా ఇవి ఆగాలన్నారు. మా సీనియర్ ఒకాయన, మంచివాడే పాపం, "సెలెక్టులన్నిటికీ నోలాక్ పెట్టెయ్‌రా, పోతుంది" అన్నాడు. పెట్టేశాను. నలభై పైచిలుకు ప్రొసీజర్లు, ఒక్క మధ్యాహ్నంలో. డెడ్‌లాకులు పోయాయి. టీమ్ లంచ్ కూడా అయింది.

ఆ తర్వాత ఏమైందో కింద చెప్తాను. ముందు అసలీ లాకుల గోల ఎక్కణ్ణుంచి వచ్చిందో చూద్దాం. ఈ చరిత్ర ఓ నాలుగు ముక్కలు అప్పుడే తెలిసుంటే నేనా పని చేసేవాణ్ణి కాదు.

కంప్యూటర్లు రాకముందు కూడా లాకులున్నాయి. అమెరికన్ ఎయిర్‌లైన్స్ వాళ్ళ పాత రిజర్వేషన్ పద్ధతి గురించి చదివితే నవ్వొస్తుంది. గుండ్రంగా తిరిగే ఒక పెట్టె, అందులో ఫ్లయిట్ల కార్డులు, దాని చుట్టూ ఎనిమిదిమంది ఆపరేటర్లు. ఎవరికి కావలసిన కార్డు వాళ్ళు లాక్కుని, సీటు ఖాళీ ఉందో లేదో చూసి, గుర్తు పెట్టి మళ్ళీ పెట్టెలో పెట్టెయ్యాలి. కార్డు ఒకరి చేతిలో ఉంటే రెండో మనిషికి దొరకదు. అదే లాక్! ఇంతకుమించి జనాన్ని పెడదామంటే పెట్టె చుట్టూ చోటు లేదు. మనవాళ్ళిప్పుడు స్కేలబిలిటీ అని పెద్ద పెద్ద మీటింగులు పెడతారే, అదే సమస్య.

మన రైల్వేల్లోనూ ఇదే కథ. మా నాన్న చెప్తుంటారు, అప్పట్లో ఏ రైలుకి ఆ రైలు రిజిస్టరు, ఏ రిజిస్టరుకి ఆ కౌంటరు. తప్పు లైన్లో గంటసేపు నిలబడితే మళ్ళీ మొదటికి రావాల్సిందే. రిజిస్టరు ఒక్క గుమాస్తా చేతిలోనే ఉంటుంది గనక ఒకే బెర్తు ఇద్దరికి ఇచ్చే ప్రమాదం తక్కువ. 1980ల మధ్యలో ఢిల్లీలో కంప్యూటర్ రిజర్వేషన్ మొదలైంది. మన సికింద్రాబాదుతో సహా ఐదు కేంద్రాలు ఒకదానితో ఒకటి కలవడానికి 1999 దాకా పట్టింది. అప్పట్నుంచీ ఏ కౌంటర్లోనైనా ఏ రైలుకైనా టికెట్టు. జనానికి హాయి. కానీ రిజిస్టరు ఒకరి చేతిలోంచి దేశమంతటి చేతుల్లోకి వెళ్ళిపోయింది గదా, ఇక ఒకే బెర్తు మీద రెండు చేతులు పడకుండా చూసేదెవరు? ఆ పని మెషీన్ చెయ్యాలి.

అమెరికాలో ఆ మెషీన్ ముందే వచ్చింది. 1953లో లాస్ ఏంజెలెస్ నుంచి న్యూయార్క్ వెళ్ళే విమానంలో ఇద్దరు స్మిత్‌లు పక్కపక్క సీట్లలో కూర్చున్నారు. ఒకరు అమెరికన్ ఎయిర్‌లైన్స్ ప్రెసిడెంటు, ఇంకొకరు ఐబీఎమ్ సేల్స్‌మన్. ఆ కబుర్లు ముదిరి సేబర్ అనే సిస్టమ్ అయింది. రెండు ఐబీఎమ్ 7090 కంప్యూటర్లతో 1964కల్లా పూర్తిగా పనిలోకి దిగింది. ఒకేసారి వందలమంది ఒకే డేటా మీద పడే రోజులు అలా మొదలయ్యాయి.

ఇక్కడ చిన్న పక్కదారి, కానీ అవసరమైందే. ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తూ ఇద్దరూ కదలకుండా బిగుసుకుపోవడం డేటాబేసుల కన్నా ముందే ఆపరేటింగ్ సిస్టమ్‌లలో తగిలింది. డైక్‌స్ట్రా 1965లో దానికి ప్రాణాంతకమైన కౌగిలి అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. ధృతరాష్ట్రుడి కౌగిలి అనుకోండి, కాకపోతే ఇక్కడ భీముడి బదులు ఇనప విగ్రహాన్ని తోసే కృష్ణుడు లేడు. 1968లో ఐబీఎమ్‌లో పనిచేసే హావెండర్, అందరూ వనరుల్ని ఒకే వరసలో అడిగితే ఈ కౌగిలి పడదని రాశాడు. ఇవాళ కోడ్ రివ్యూలో "టేబుల్స్ అన్నీ ఒకే ఆర్డర్లో టచ్ చెయ్యండి బాబూ" అని సీనియర్లు చెప్పే సలహా ఇదే. అరవై ఏళ్ళకి దగ్గర పడుతున్న సలహా అది.

మరి అంత మంచి సలహా ఉండగా డేటాబేసులు దాన్నే ఎందుకు పట్టుకు కూర్చోలేదు? అసలు కథ ఇక్కడుంది.

1974లో కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో, ఐబీఎమ్ పరిశోధనశాలలో సిస్టమ్ ఆర్ అనే ప్రాజెక్టు మొదలైంది. 1970లో కాడ్ రాసిన రిలేషనల్ మోడల్ కాగితం మీద బాగానే ఉంది, నిజంగా నడుస్తుందా అని తేల్చే ప్రాజెక్టు. ఎస్‌క్యూఎల్ పుట్టింది ఇక్కడే. లాకుల శాస్త్రం కూడా చాలావరకు ఇక్కడే పుట్టింది. 1976లో ఈశ్వరన్, జిమ్ గ్రే, లోరీ, ట్రైగర్ అనే నలుగురి పేపరొకటి వచ్చింది. మనం రోజూ వాడే టూ ఫేజ్ లాకింగ్ అందులోదే. నియమం ఒక్కటే. ఒక ట్రాన్సాక్షన్ లాకులు పోగేసుకునే దశ ముందు, వదిలే దశ తర్వాత. ఒక్కటి వదిలాక కొత్తది పట్టకూడదు.

ఎందుకంత పట్టుదల అనిపిస్తుంది. నా ఖాతాలోంచి 1000 తీసి మీ ఖాతాలో వేస్తున్నాననుకోండి. నాది తగ్గించి, నా లాక్ వదిలేసి, తర్వాత మీ ఖాతా లాక్ అడిగితే, ఆ మధ్య సందులో లెక్క చూసేవాడికి 1000 రూపాయలు మాయం. ఎక్కడికీ పోలేదు, కానీ వాడు చూసిన క్షణంలో లేవు. అందుకని రెండూ చేతికొచ్చేదాకా ఏదీ వదలకూడదు. నియమం పాటిస్తే ఎంతమంది ఒకేసారి నడిపినా ఫలితం ఒకరి తర్వాత ఒకరు నడిపినట్టే ఉంటుందని వాళ్ళు లెక్కగట్టి నిరూపించారు. అదే సీరియలైజబుల్.

అదే పేపర్లో ఇంకో తలనొప్పి కూడా కనిపెట్టారు. పుట్టని బిడ్డకి తాళం ఎలా వేస్తాం? కల్యాణమండపం బుకింగ్ తీసుకోండి. మాఘమాసంలో ఫలానా రోజు ఖాళీయేనా అని ఇద్దరు వెతుకుతారు. ఇద్దరికీ ఒక్క వరస కూడా దొరకదు, అంటే ఖాళీ. ఇద్దరూ చెరో కొత్త వరస రాస్తారు. ఉన్న వరసలకి ఎన్ని లాకులు వేసినా లాభం లేదు, ఎందుకంటే గొడవంతా లేని వరసతో. దీనికి ఫాంటమ్ అని పేరు పెట్టారు, అంటే దెయ్యం. వరసకి కాకుండా షరతుకే లాక్ వెయ్యాలి అన్నది వాళ్ళ సమాధానం. అది నిజంగా అమలు చేస్తే చాలా ఖరీదు. అందుకని తర్వాతి తరాలవాళ్ళు ఇండెక్సులో రెండు విలువల మధ్య ఖాళీకి లాక్ వేసే పద్ధతులకి దిగారు. మై ఎస్‌క్యూఎల్ వాడేవాళ్ళు ఇన్నోడీబీలో గ్యాప్ లాక్ అని తిట్టుకునేది దీన్నే. "నేను ముట్టుకోని వరసకి లాక్ ఏమిట్రా" అని నేనూ తిట్టుకున్నాను.

ఇప్పుడు డెడ్‌లాక్ సంగతి. హావెండర్ సలహా పాటించాలంటే ఎవరికి ఏమేం కావాలో ముందే తెలియాలి. ఆపరేటింగ్ సిస్టమ్‌లో అది కొంతవరకు కుదురుతుంది, ప్రింటరూ టేపూ ఎన్ని ఉంటాయి గనక. డేటాబేసులో రెండో వరస ఏదో మొదటి వరస చదివితేగానీ తెలియదు. పైగా మీరు రాసేది ఎస్‌క్యూఎల్, ఏ ఇండెక్సు దారిన వెళ్ళాలో ఆప్టిమైజరు తేలుస్తుంది. మీరెంత వరస పాటించినా అది దాని దారిన పోతుంది.

కానీ డేటాబేసుకి ఇంకో దారి ఉంది. కరెంటు పోయినా లెక్క చెడకూడదని ఎలాగూ లాగ్ రాస్తున్నాం, సగంలో ఆగిన పనిని వెనక్కి తిప్పే ఏర్పాటు ఎలాగూ ఉంది. అలాంటప్పుడు డెడ్‌లాకుని రాకుండా ఆపడానికి ప్రాణం పెట్టడం దేనికి? రానిద్దాం. ఎవరు ఎవరి కోసం ఆగారో గీతలు గీసి చూద్దాం. గీతలు చుట్టు తిరిగి మొదటికొస్తే ఒకణ్ణి ఎంచుకుని వాడు చేసిందంతా వెనక్కి తిప్పేద్దాం. వాడు మళ్ళీ మొదలుపెట్టుకుంటాడు.

ఈ ఆఖరి ముక్క మీద కాస్త ఆగండి. వాడు మళ్ళీ మొదలుపెట్టుకుంటాడు అన్న నమ్మకం మీదే ఈ మేడంతా నిలబడింది. ఆ వాడు ఎవరు? ప్రోగ్రామరు. అంటే నేను, మీరు.

జిమ్ గ్రే 1981లో ట్రాన్సాక్షన్ అనే భావన గురించే ఒక పేపర్ రాశాడు. ఈ ఆలోచన కంప్యూటర్లలోంచి వచ్చింది కాదట, ఒప్పందాల చట్టంలోంచి వచ్చిందట. బేరం కుదిరేదాకా ఎవరైనా వెనక్కి తగ్గొచ్చు, సంతకాలయ్యాక తగ్గకూడదు. పెళ్ళిని కూడా ఉదాహరణగా చెప్పాడు, అది వాళ్ళ చర్చి పెళ్ళిలెండి. నాకు మాత్రం ఇందులో ఇంకో ఒప్పందం కూడా కనిపిస్తుంది, డేటాబేసుకీ ప్రోగ్రామరుకీ మధ్య. "పక్కన ఎన్ని వేలమంది ఉన్నా నువ్వొక్కడివే ఉన్నట్టు కోడ్ రాసుకో, మిగతాది నేను చూసుకుంటా. బదులుగా ఎప్పుడైనా నిన్ను మధ్యలో ఆపేస్తే అలగకుండా మళ్ళీ మొదటినుంచీ నడుపుకో." మనం మొదటి సగం వాడుకుంటాం, రెండో సగం వచ్చేసరికి బగ్ అంటాం.

అన్నట్టు, ఏ డేటాబేసు తిరగేసినా ఈ మాటే ఉంటుంది. మై ఎస్‌క్యూఎల్ డెడ్‌లాక్ మెసేజ్ చివర ట్రాన్సాక్షన్ మళ్ళీ మొదలుపెట్టి చూడండి అని ఉంటుంది. పోస్ట్‌గ్రెస్ అయితే సీరియలైజేషన్ ఎర్రరు కింద, మళ్ళీ ప్రయత్నిస్తే నెగ్గొచ్చు అని చక్కగా సలహా కూడా రాస్తుంది. తమాషా ఏమిటంటే 1205 అనే అంకె ఎస్‌క్యూఎల్ సర్వర్లో డెడ్‌లాక్, మై ఎస్‌క్యూఎల్‌లో లాక్ కోసం చూసి చూసి గడువు దాటిపోవడం. అక్కడ డెడ్‌లాక్ అంకె 1213. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మారినవాళ్ళు ఎర్రర్ నంబరు చూసి కోడ్ రాసుంటే అయిపోయినట్టే :)

మళ్ళీ నడపడంలోనూ ఒక గొయ్యి ఉంది, చెప్పకుండా వెళ్ళలేను. ఎస్‌క్యూఎల్ సర్వర్ విక్టిమ్ ట్రాన్సాక్షన్ మొత్తాన్నీ వెనక్కి తిప్పుతుంది. ఇన్నోడీబీ కూడా డెడ్‌లాక్ అయితే అంతే చేస్తుంది. కానీ గడువు దాటిన కేసులో, మామూలు సెట్టింగుల్లో, ఆ ఒక్క స్టేట్‌మెంటునే తిప్పుతుంది. ఒరాకిల్ అయితే డెడ్‌లాక్ ఎర్రరు 60 వచ్చినప్పుడు కూడా ఒక్క స్టేట్‌మెంటునే వెనక్కి తీసుకుని మిగతా నిర్ణయం మీకే వదిలేస్తుంది. ఎర్రరుని పట్టుకుని, మింగేసి, కింద కమిట్ కొట్టారనుకోండి, సగం పని భేషుగ్గా శాశ్వతమైపోతుంది. అందుకని మళ్ళీ నడపడమంటే ముందు రోల్‌బ్యాక్, ఆ తర్వాత మొట్టమొదటి సెలెక్టు నుంచీ అంతా. ట్రాన్సాక్షన్ మధ్యలో ఎస్సెమ్మెస్ పంపే కోడ్ పెట్టినవాళ్ళకి ఇక్కడ రెండు ఎస్సెమ్మెస్‌లు గ్యారంటీ.

1981లోనే గ్రే, మరో ముగ్గురితో కలిసి వెయిటింగ్, డెడ్‌లాకుల సంభావ్యత మీద ఒక ఉజ్జాయింపు లెక్క వేశాడు. ఒక ట్రాన్సాక్షన్ పట్టుకునే లాకుల సంఖ్య రెట్టింపయితే ఆగాల్సిరావడం 4 రెట్లవుతుంది, డెడ్‌లాకులో పడటం 16 రెట్లవుతుంది. నాలుగో ఘాతం! నన్నడిగితే డెడ్‌లాక్ ట్రబుల్‌షూటింగ్ మీద ఉన్న పుస్తకాలన్నిటికన్నా ఈ ఒక్క లెక్క ఎక్కువ చెప్తుంది. మన జాబ్ పదివేల వరసలు ఒకే ట్రాన్సాక్షన్‌లో అప్‌డేట్ చేస్తుంటే సర్వర్ కొనిపించే ముందు దాన్ని ముక్కలు చెయ్యొచ్చేమో చూడాలి.

సరే, మరి నోలాక్ ఎక్కణ్ణుంచి వచ్చింది? పాపం అది కూడా ఆ ఇంట్లోనే పుట్టింది. గ్రే, లోరీ, పుట్‌జోలు, ట్రైగర్ 1976లోనే ఇంకో పేపర్ రాశారు. లాక్ వరసకి వెయ్యాలా, పేజీకి వెయ్యాలా, టేబుల్ మొత్తానికా అన్నది అందులో సగం. మిగతా సగం కన్‌సిస్టెన్సీ అంతస్తుల గురించి. పూర్తి భద్రత ఖరీదైనది గనక, తెలిసి తెలిసి కొంత వదులుకుంటామనేవాళ్ళకి 0 నుంచి 3 దాకా మెట్లు కట్టి ఇచ్చారు. 1992 ఎస్‌క్యూఎల్ ప్రమాణంలో ఆ మెట్లే పేర్లు మార్చుకుని ఐసొలేషన్ లెవెల్స్ అయ్యాయి. రీడ్ అన్‌కమిటెడ్ దాదాపు ఒకటో మెట్టు. మన నోలాక్ అదే. మెట్లు కట్టినవాళ్ళు ఏ మెట్టు మీద ఏం పోతుందో స్పష్టంగా రాశారు. అది మన చేతికొచ్చేసరికి "పెట్టెయ్‌రా, పోతుంది" అయింది.

ఒకప్పుడు దానికీ ఒక కారణం ఉండేది, అది ఒప్పుకోవాలి. సైబేస్, దాన్నుంచి వచ్చిన ఎస్‌క్యూఎల్ సర్వర్ చాలా ఏళ్ళు పేజీకే లాక్ వేసేవి. మీకు ఒక వరస కావాలంటే చుట్టుపక్కల వరసలన్నీ బందీలు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి సరైన వరస స్థాయి లాకులు 1998లో వచ్చిన 7.0తో వచ్చాయి. ఆ రోజుల్లో నోలాక్ అలవాటైన చేతులు మన సీనియర్ల సీనియర్లవి. కారణం పోయింది, అలవాటు మిగిలింది.

అసలు చదివేవాడికీ రాసేవాడికీ పేచీ ఎందుకు అని వేరే దారిలో ఆలోచించినవాళ్ళూ ఉన్నారు. డేవిడ్ రీడ్ 1978లో ఎమ్ఐటీలో రాసిన థీసిస్‌లో, విలువని చెరిపి మార్చడం మానేసి, ప్రతి మార్పునీ కొత్త కాపీగా ఉంచుదామన్నాడు. చదివేవాడు తను మొదలుపెట్టిన నాటి కాపీ చూసుకుంటాడు, రాసేవాడు కొత్తది రాసుకుంటాడు. ఒరాకిల్ 1984లో నాలుగో వెర్షన్‌తోనే చదివేవాళ్ళకి ఇలాంటి నిలకడ ఇచ్చింది. ఇంటర్‌బేస్‌లో జిమ్ స్టార్కీ కూడా ఈ దారే పట్టాడు. దీనికీ ఖర్చుంది. పాత కాపీలు ఎక్కడో దాచాలి, దాచే చోటు నిండితే ఒరాకిల్‌వాళ్ళకి బాగా తెలిసిన 1555, స్నాప్‌షాట్ మరీ పాతబడిపోయింది అనే ఎర్రరు. అర్ధరాత్రి ఏడిపించడంలో 1205కి కవల పిల్ల.

1995లో గ్రే, ఇంకో అయిదుగురు కలిసి ఆ 1992 ప్రమాణాన్నే ఉతికి ఆరేశారు. అందులోని నిర్వచనాలు అస్పష్టంగా ఉన్నాయనీ, స్నాప్‌షాట్ పద్ధతి ఆ మెట్లలో ఎక్కడా ఇమడదనీ, పైకి శుభ్రంగా కనిపిస్తూనే లోపల తప్పు జరగొచ్చనీ చూపించారు. మన కల్యాణమండపం సంగతే చూడండి, ఇద్దరూ తమ తమ ఫోటోలో ఖాళీ చూసి చెరో వరస రాస్తే ఏ ఒక్క వరస మీదా గొడవ లేదు, పెళ్ళిళ్ళు మాత్రం రెండు. ఒరాకిల్‌లో సీరియలైజబుల్ అని అడిగితే మీకు దొరికేది ఈ స్నాప్‌షాటే. 2008లో కేహిల్, రోమ్, ఫెకెటె అనే ముగ్గురు స్నాప్‌షాట్‌ని వదలకుండానే ఈ తప్పుని పట్టుకునే మార్గం చెప్పారు. 2011లో పోస్ట్‌గ్రెస్ 9.1లోకి అది వచ్చింది. దాన్ని చేర్చిన ఇద్దరిలో ఒకరు డాన్ పోర్ట్స్, ఇంకొకరు కెవిన్ గ్రిట్‌నర్. గ్రిట్‌నర్ పనిచేసింది ఏ సిలికాన్ వ్యాలీ కంపెనీలోనో కాదు, విస్కాన్సిన్ రాష్ట్రపు కోర్టుల్లో! మనుషుల కేసుల లెక్కలు చూసే చోట పనిచేసేవాడికి "దాదాపు సరిగ్గా" సరిపోదని అనిపించడంలో నాకు ఆశ్చర్యం లేదు. ఇక్కడా బదులుగా అడిగేది అదే. అనుమానం వస్తే ఒకణ్ణి ఆపేస్తాం, వాడు మళ్ళీ నడుపుకోవాలి.

జిమ్ గ్రేకి 1998 ట్యూరింగ్ అవార్డు వచ్చింది. చివరి పన్నెండేళ్ళు మైక్రోసాఫ్ట్‌లో ఉన్నాడు. 2007 జనవరి 28న తల్లి చితాభస్మం సముద్రంలో కలపడానికి శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఒంటరిగా పడవలో బయల్దేరి తిరిగి రాలేదు. స్నేహితులు ఉపగ్రహ చిత్రాలు తెప్పించి, ముక్కలు చేసి, వేలమంది చేత ఇంటర్నెట్లో వెతికించారు. పడవ ఆనవాలు దొరకలేదు. పోయిన ప్రతి లావాదేవీకీ లాగ్‌లో జాడ ఉండాలని జీవితమంతా పనిచేసిన మనిషి.

ఇక నా గోడౌన్ సంగతి.

నోలాక్ పెట్టిన నెలన్నరకి నెలాఖరు వచ్చింది. ఆ రాత్రి సరుకు ఎంట్రీ చేసే అబ్బాయి 40 పెట్టెలు కొట్టబోయి 400 కొట్టాడు. స్టాక్ టేబుల్లో 400 చేరింది, తర్వాత ఆర్డరుతో పోల్చే చెక్ అది తప్పని పట్టుకుంది, మొత్తం వెనక్కి తిరిగింది. అబ్బాయి నాలిక కరుచుకుని 40 కొట్టాడు. సిస్టమ్ చెయ్యాల్సింది సరిగ్గా చేసింది. కానీ ఆ కాసేపట్లోనే నా ముగింపు నిల్వ జాబ్ ఆ వరస మీదుగా వెళ్ళింది. మామూలుగా అయితే అక్కడ ఆగి, రోల్‌బ్యాక్ అయ్యాక చదివేది. నోలాక్ ఉంది గదా, ఆగలేదు. ఎన్నడూ కమిట్ కాని 400ని చదివి నెలాఖరు లెక్కలో రాసేసింది.

పొద్దున్నే సరుకు లెక్కబెట్టారు. పుస్తకం కన్నా 360 పెట్టెలు తక్కువ. స్టోర్ కీపర్‌కి మెమో ఇచ్చారు, లిఖితపూర్వకంగా సంజాయిషీ అడిగారు. మాకీ సంగతి వెంటనే తెలియలేదు. పదకొండు రోజుల తర్వాత, "రిపోర్టులో ఏదో తేడా ఉంది చూడండి" అని ఒక మామూలు టికెట్ వచ్చింది. ప్రయారిటీ మూడు. అప్లికేషన్ లాగ్‌లో ఆ రోల్‌బ్యాకూ, జాబ్ నడిచిన టైమూ పక్కపక్కన పెట్టుకున్నప్పుడు నాకు చెమటలు పట్టాయి. రానే రాని పెట్టెలు ఎక్కడ దాచావని పదకొండు రోజులుగా ఒక మనిషిని అడుగుతున్నారు.

మెయిల్లో జరిగింది జరిగినట్టు రాశాను. మెమో వెనక్కి తీసుకున్నారని తర్వాత తెలిసింది. క్షమాపణ ఎవరైనా చెప్పారో లేదో తెలియదు. నేనైతే చెప్పలేదు, ఆయన పేరు కూడా నాకెవరూ చెప్పలేదు. మా సీనియర్ మాత్రం "అరుదైన కేసురా, వదిలెయ్" అన్నాడు. గ్రే లెక్క ప్రకారం డెడ్‌లాకు కూడా అరుదైన కేసే.

ఆ వారం మొదటిసారి డెడ్‌లాక్ గ్రాఫ్ తెరిచి కుదురుగా చదివాను. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2008 నుంచి సిస్టమ్ హెల్త్ సెషన్‌లో అది దానంతటదే పడి ఉంటుంది, ఎవరూ ఆన్ చెయ్యక్కర్లేదు. జాబ్ ముందు ఇండెక్సు లాక్ పట్టుకుని, పరిమాణం కోసం అసలు వరస దగ్గరికి వెళ్తోంది. ఎంట్రీ ముందు అసలు వరస పట్టుకుని, ఇండెక్సు మార్చడానికి వెళ్తోంది. ఎదురెదురుగా ఇరుకు సందులోకి వచ్చిన రెండు ఎడ్లబళ్ళు. పరిమాణం కాలమ్‌ని ఆ ఇండెక్సులోనే చేరిస్తే జాబ్‌కి అసలు వరస దాకా వెళ్ళే పనే లేదు. అది చేశాను. 2005 వెర్షన్ నుంచీ ఉన్న రీడ్ కమిటెడ్ స్నాప్‌షాట్ మా డేటాబేసులో ఆఫ్‌లో ఉంది, సొంత సర్వర్లలో మామూలుగా అలాగే వస్తుంది. టెంప్‌డీబీ పెరుగుతుందని డీబీఏ గారు గొణిగారు. వారం రోజులు టెస్ట్ సర్వర్లో చూపించి ఆన్ చేయించాను. ఎంట్రీ కోడ్ చుట్టూ ఒక లూప్ రాశాను. 1205 వస్తే రోల్‌బ్యాక్, కొన్ని మిల్లీసెకన్ల ఎడం, అదీ ప్రతిసారీ ఒకేలా కాకుండా, మళ్ళీ మొదటినుంచీ. మూడుసార్లు చూసి అప్పటికీ కాకపోతేనే మనిషికి చెప్పాలి.

నలభై పైచిలుకు ప్రొసీజర్లలో నోలాక్ తియ్యడానికి మాత్రం ఒక మధ్యాహ్నం సరిపోలేదు. ఒక్కొక్కటీ ఎవరు వాడుతున్నారో కనుక్కుని, టెస్ట్ చేసి, రిలీజుకి అనుమతి తెచ్చుకుని, మొత్తం అయ్యేసరికి నాలుగు నెలలు పట్టింది. నేను ఆ ప్రాజెక్టు వదిలే రోజున రీట్రై లాగ్ చూశాను. ఆ నెలలో రెండే ఉన్నాయి, రెండూ రెండో ప్రయత్నంలోనే పూర్తయ్యాయి. రాత్రి షిఫ్టులో ఎవరికీ ఏ ఎర్రరూ కనపడలేదు.